ఊరుమ్మడి సాఫ్ట్‌వేరు: ఒక యేడాది ప్రగతి

నేడు కంప్యూటరు లేని గ్రామ కార్యాలయము అరుదు. అడంగలు, 1-బి పత్రములు కంప్యూటరు మీదనే చూచుకొనుచున్నాము. సహకార సంఘముల అప్పుల పద్దులు పుస్తకములనుండి యంత్రములోనికి మారుచున్నవి. 2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించు పథకమును ఆమోదించినది. కావున కంప్యూటరులో పనిచేయు సాఫ్ట్‌వేరు ఎవరి సొత్తు, దానిని ఎవరు బాగుచేయుదురు, రేపు దానిని తయారుచేసినవారు వదలివేసిన మన పద్దుల గతి యేమి అను ప్రశ్నలు పట్టణవాసులవి మాత్రమే కావు. తిరుచానూరు రైతుకు, ఆ గ్రామాధికారికి కూడ ఇవి ఇంటి ప్రశ్నలే.

ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు అను మాట తరచుగా వినవచ్చుచున్నది. అది ఉచితముగా దొరకునని కొందరు, ఉచితమైనది గనుక నమ్మదగదని మరికొందరు తలచుచున్నారు. ఈ రెండు అభిప్రాయములును సగము సగము తెలిసి యేర్పరచుకొన్నవే. అట్టి సాఫ్ట్‌వేరు ఎట్లు పెరుగునో, ఒక యేడాదిలో దాని ప్రగతిని ఎట్లు లెక్కగట్టవలెనో ఒక నిజమైన ఉదాహరణముతో ఈ వ్యాసములో వివరింపబడినది.

సాఫ్ట్‌వేరు అనగా నేమి?

కంప్యూటరు చేయవలసిన పనిని వరుసగా చెప్పు ఆజ్ఞల సముదాయమే సాఫ్ట్‌వేరు. దీనిని బెల్లపు వంటతో పోల్చి చూచిన సులభముగా తెలియును. మన చిత్తూరు ప్రాంతపు రైతుకు బెల్లము వండుట కొత్త కాదు. చెరకు రసమును పెనములో పోయుట, సున్నము తగు మాత్రము వేయుట, తేలిన మడ్డిని తీసివేయుట, పాకము పదును చూచి దింపుట, ఇది వంట పద్ధతి. చివరకు చేతికి వచ్చునది బెల్లము. సంతలో బెల్లము కొన్నవానికి దానిని తినుటకు వీలగును గాని, దానిలో సున్నము ఎంత వేసిరో, పాకము ఎంతసేపు కాచిరో తెలియదు.

సాఫ్ట్‌వేరు సంగతియు నట్లే. మనుష్యుడు చదివి గ్రహించునట్లు వ్రాసిన ఆజ్ఞలను సోర్సు కోడు అందురు. అది వంట పద్ధతి వంటిది. దానిని యంత్రమునకు మాత్రమే తెలియు రూపములోనికి మార్చి మనకు అమ్ముదురు. అది బెల్లము వంటిది. చాల కంపెనీలు బెల్లము అమ్మి పద్ధతిని దాచుకొనును. పద్ధతిని కూడ అందరికి ఇచ్చి, దానిని మార్చుకొనుటకును, మార్చినదానిని పదిమందికి పంచుటకును లైసెన్సు ద్వారా అనుమతించినదే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు.

విత్తనముతో కూడ పోల్చవచ్చును. సంకర మొక్కజొన్న విత్తనమును రైతు ప్రతి యేట కొనవలసినదే. పండిన గింజను మరల విత్తినచో మొదటి గుణము నిలువదు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము విడుదల చేసిన నారాయణి, ధరణి వంటి వేరుశనగ రకములు అట్లు కాదు. మంచి కాయలను ఏరి దాచుకొని మరుసటి కారుకు విత్తుకొనవచ్చును, పొరుగువానికి ఇవ్వవచ్చును. ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు ఈ రెండవ జాతికి చెందినది.

నాలుగు హక్కులు

1983లో అమెరికా దేశమున రిచర్డ్ స్టాల్‌మన్ అను ఆయన ఈ ఉద్యమమునకు అంకురార్పణ చేసెను. సాఫ్ట్‌వేరు వాడువానికి నాలుగు హక్కులు ఉండవలెనని ఆయన వాదము. ఏ పనికైనను వాడుకొను హక్కు. అది ఎట్లు పనిచేయునో చదివి, అవసరమైనట్లు మార్చుకొను హక్కు. ప్రతులను ఇతరులకు ఇచ్చు హక్కు. తాను మార్చి బాగుచేసినదానిని కూడ పంచు హక్కు. 1991లో ఫిన్‌లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్సు ఈ దారిన పెరిగినదే. నేడు మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులు లైనక్సు మీదనే నడచుచున్నవి. ఓపెన్ సోర్సు అను పేరు 1998లో వాడుకలోనికి వచ్చెను.

ఇందు ధరను గూర్చిన మాట లేదని పాఠకులు గమనింతురు గాక. అట్టి సాఫ్ట్‌వేరు సాధారణముగా ఉచితముగనే దొరకును. కాని దాని విలువ ఉచితమగుటలో లేదు, హక్కులలో నున్నది. ఆ హక్కుల బలమెట్టిదో క్రింది ఉదాహరణము తెలుపును.

లిబ్రె ఆఫీసు మొదటి యేడాది

ఉత్తరములు వ్రాయుటకు, లెక్కల పట్టికలు వేయుటకు కార్యాలయములలో వాడు సాఫ్ట్‌వేరులో లిబ్రె ఆఫీసు ఒకటి. దాని పూర్వచరిత్ర జర్మనీ దేశమున నున్నది. 1985లో మార్కో బోరీస్ అను యువకుడు స్థాపించిన స్టార్ డివిజన్ అను చిన్న కంపెనీ దీని మొదటి రూపమును తయారుచేసెను. 1999లో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ అను పెద్ద కంపెనీ దానిని కొనెను. 2000లో సోర్సు కోడును బహిరంగపరచి, ఓపెన్ ఆఫీసు అను పేరు పెట్టెను. పది సంవత్సరములు అనేక దేశముల స్వచ్ఛంద కార్యకర్తలు దానికి పాటుపడిరి. కాని ఒక చిక్కు ఉండెను. ఎవరు కోడు వ్రాసి యిచ్చినను దాని హక్కులో ఆ కంపెనీకి భాగము వ్రాసి యీయవలసి యుండెను. పేరు కూడ కంపెనీ సొత్తే. శ్రమ నలుగురిది, పగ్గము ఒకరి చేతిలో.

2010 జనవరిలో సన్ కంపెనీని ఒరాకిల్ అను మరియొక కంపెనీ కొనెను. కొత్త యజమానికి ఈ పనిమీద ఎంత శ్రద్ధ యుండునో తెలియక కార్యకర్తలకు కలత పుట్టెను. మన ప్రాంతమున ఒక చెరువు క్రింది ఆయకట్టు రైతులు, గట్టుమీది హక్కులు కొత్తవాని పరమైనపుడు ఎట్లు తహతహ చెందుదురో అట్టి స్థితి యది.

సెప్టెంబరు 2010. ఆ నెల 28వ తేదీన కార్యకర్తలు డాక్యుమెంట్ ఫౌండేషన్ అను స్వతంత్ర సంస్థను ప్రకటించిరి. లైసెన్సు ఇచ్చిన హక్కు ననుసరించి మొత్తము కోడును తీసికొని వేరుగ సాగు మొదలుపెట్టిరి. దీనిని ఆ రంగమున చీలిక యందురు. ఓపెన్ ఆఫీసు అను పేరును తమకు దానము చేయవలసినదని ఒరాకిల్‌ను కోరిరి. అది లభింపలేదు. అందువలన లిబ్రె ఆఫీసు అను కొత్త పేరుతో పని సాగించిరి.

అక్టోబరు 2010. కొత్త సంస్థలో చేరినవారు పాత ఓపెన్ ఆఫీసు సలహా మండలినుండి తప్పుకొనవలెనని ఒరాకిల్ పక్షమువారు కోరిరి. అంతటితో రెండు దారులు స్పష్టముగ వేరుపడెను.

జనవరి 2011. 25వ తేదీన లిబ్రె ఆఫీసు 3.3 అను మొదటి స్థిరమైన విడుదల వెలువడెను. కొత్త కాపురము పెట్టిన నాలుగు నెలలకు తొలిపంట యింటికి వచ్చినట్లయ్యెను. తరువాత ఫిబ్రవరిలో 3.3.1, మార్చిలో 3.3.2 అను దిద్దుబాటు విడుదలలు వచ్చెను.

ఫిబ్రవరి 2011. సంస్థను జర్మనీ చట్టము ప్రకారము ఫౌండేషనుగ రిజిస్టరు చేయుటకు మూలధనము కావలసి వచ్చెను. 50,000 యూరోలు చందాగ నిమ్మని ప్రజలను కోరిరి. ఎనిమిది దినములలో ఆ మొత్తము చేరెను. చందాదారులలో ఎక్కువమంది ఆ సాఫ్ట్‌వేరును వాడుకొను సామాన్యులే.

ఏప్రిల్, మే 2011. ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 11.04, మేలో వచ్చిన ఫెడోరా 15 అను లైనక్సు పంపకములు ఓపెన్ ఆఫీసు స్థానమున లిబ్రె ఆఫీసును చేర్చుకొనెను. ఇది చాల ముఖ్యమైన సంగతి. విత్తన భాండాగారములు కొత్త రకమును నిలువచేసి పంచినట్లు, వీరి ద్వారా అది కోరకయే లక్షల యంత్రములను చేరెను. అదే ఏప్రిల్‌లో ఒరాకిల్ తన ఓపెన్ ఆఫీసు వ్యాపారమును మానుకొనుచున్నట్లు ప్రకటించెను.

జూన్ 2011. 1వ తేదీన ఒరాకిల్ ఓపెన్ ఆఫీసును అపాచీ అను మరియొక ప్రజాసంస్థకు అప్పగించుచున్నట్లు తెలిపెను. 3వ తేదీన లిబ్రె ఆఫీసు 3.4 వెలువడెను.

ఆగస్టు 2011. 3.4.2 విడుదల వచ్చెను. 3.4 మొదటి విడుదల ఉత్సాహవంతులు పరీక్షించి చూచుటకే గాని కార్యాలయములు వాడుటకు కాదని, 3.4.2 కార్యాలయములకు తగినదని సంస్థవారే తెలిపిరి. తన సరుకు ఎవరికి తగినదో, ఎవరికి తగదో ముందే చెప్పు అమ్మకందారు అరుదు. ఇట్టి మాట ప్రగతి నివేదికలో కనబడుట మంచి లక్షణము.

ఆ యేటి జమ, నిలువ

పై తేదీలు బయటికి కనబడునవి. లోపల జరిగిన పని అంతకన్న ముఖ్యమైనది. పాత కోడులో పది, పదిహేను సంవత్సరములుగ ఎవరు వాడని భాగములు పేరుకొని యుండెను. వాటిని తొలగించిరి. మొదట జర్మను కంపెనీ వ్రాసినది గనుక కోడు మధ్య వివరణలు జర్మను భాషలో నుండెను. ఇతర దేశములవారికి అవి బోధపడకుండెను. వాటిని ఇంగ్లీషులోనికి మార్చు పని పెట్టుకొనిరి. చెరువులో పూడిక తీయుట వంటిది ఈ పని. ఒక యేట చూచిన నీరు పెరిగినట్లు కనబడదు, కాని మరుసటి యేట వాన పడినపుడు దాని ఫలము తెలియును.

కొత్తవారికి దారి చూపుటకు సులభమైన పనుల జాబితా నొకదానిని వేరుగ తయారుచేసి యుంచిరి. కోడు ఎన్నడు వ్రాయనివాడు కూడ ఒక చిన్న పని ఎన్నుకొని ప్రారంభింపవచ్చును. కోడు హక్కును ఎవరికిని వ్రాసి యీయనక్కరలేదని నియమము మార్చిరి. ఎవరు వ్రాసినది వారి పేరనే యుండును, అందరికి లైసెన్సు మాత్రము సమానము.

యేడాది చివరకు మిగిలిన పని కూడ తక్కువ కాదు. సంస్థకు చట్టబద్ధమైన రిజిస్ట్రేషను ఇంకను పూర్తికాలేదు. అది 2012 ఫిబ్రవరి 17న బెర్లిను నగరమున జరిగెను. ఇల్లు పూర్తిగాక ముందే వంట మొదలుపెట్టిన కుటుంబము వలె వారు మొదటి యేడాది గడపిరి.

తరువాతి ఫలితము చూచిన ఆ యేటి పని విలువ తెలియును. లిబ్రె ఆఫీసుకు ఆరు నెలల కొక పెద్ద విడుదల చొప్పున వచ్చుచునే యున్నది. 2024 జనవరి విడుదలనుండి సంవత్సరము, నెలల అంకెలతో 24.2 అని గుర్తించుచున్నారు. పాత పేరు మిగిలిన అపాచీ ఓపెన్ ఆఫీసుకు 2014 ఏప్రిల్‌లో 4.1 వచ్చిన పిమ్మట దశాబ్దమునకు పైగా చిన్న దిద్దుబాట్లు తప్ప పెద్ద విడుదల రాలేదు. పేరు ఒకచోట నిలిచెను, పని చేయు చేతులు మరియొకచోటికి పోయెను. పంట ఎచట పండెనో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రగతి నివేదికను ఎట్లు చదువవలెను?

గ్రామ కార్యాలయమున గాని, సంఘమున గాని ఒక ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును వాడదలచినపుడు దాని గడచిన యేటి పనిని విచారించుట అవసరము. పశువును కొనునపుడు పళ్లు, నడక, పొదుగు చూచునట్లే దీనికిని కొన్ని లక్షణములు గలవు.

1. గత పన్నెండు నెలలలో విడుదలలు ఎన్ని వచ్చినవి? చెప్పిన తేదీకి వచ్చినవా? పెద్ద విడుదలలు ఎన్ని యను లెక్కకంటె, దిద్దుబాటు విడుదలలు క్రమముగ వచ్చుచున్నవా యనునది ముఖ్యము.

2. తప్పు తెలిపినవారికి ఎన్నాళ్లలో బదులు వచ్చినది? ఓపెన్ సోర్సు పనులలో తప్పుల పట్టిక బహిరంగముగ నుండును. తెలిపిన తప్పులెన్ని, దిద్దినవెన్ని యని ఎవరైనను లెక్కించుకొనవచ్చును. పట్టిక పొడవుగ నున్నంత మాత్రమున భయపడనక్కరలేదు. పట్టికయే లేనిచో భయపడవలెను.

3. పనిచేయువారు ఎందరు? ఒక్కరా, పదిమందియా, నూరుమందియా? అందరు ఒకే కంపెనీ జీతగాండ్రా, వేరువేరు చోట్లవారా? ఒకే బావి నమ్మిన తోట, ఆ బావి ఎండిన యెండును.

4. కొత్తవారు చేరుచున్నారా? పాతవారు వృద్ధులై విరమించినపుడు తూము తీయుట తెలిసినవాడు మరొకడు ఉండవలెను.

5. డబ్బు ఎచటినుండి వచ్చుచున్నది, ఎట్లు ఖర్చగుచున్నది? లెక్కలు ప్రకటించుచున్నారా?

6. పేరు, ముద్ర ఎవరి యధీనమున నున్నవి? లిబ్రె ఆఫీసు కథ చెప్పునది ముఖ్యముగ దీనినే.

7. మన పద్దులను దానినుండి బయటికి తీసి మరొకదానిలో తెరచుటకు వీలున్నదా? వీలు లేనిచో ఎంత మంచిదైనను వాడరాదు.

వ్రాసిన వరుసలు ఎన్ని యను లెక్కను కొందరు గొప్పగ చెప్పుదురు. దానిని చూచి మోసపోరాదు. ఎరువు ఎక్కువ వేసినంత మాత్రమున దిగుబడి పెరుగదు. పైన చెప్పినట్లు, అనవసరమైన కోడును తీసివేయుటయే ఒక యేటి గొప్ప పని కావచ్చును.

ఒక హెచ్చరిక

అందరిది యన్నది ఎవరిది కాకుండ పోవు ప్రమాదమొకటి గలదు. చెరువులను గూర్చి ఈ అనుభవము మనకు పాతదే. నీటి వినియోగదారుల సంఘములకు ఆంధ్రప్రదేశ్ 1997లో చట్టము చేయుటకు కారణములలో ఇదియు నొకటి. నీరు అందరికి కావలెను, కాలువలో గడ్డి తీయుటకు ఎవరును రారు.

2024 మార్చి 29న ఇట్టి సంగతి యొకటి ప్రపంచమునకు తెలియవచ్చెను. ఎక్స్‌జెడ్ అను చిన్న ఓపెన్ సోర్సు సాధనము ఫైళ్లను కుదించుటకు ఉపయోగపడును. లోకములోని లెక్కలేనన్ని యంత్రములలో అది గలదు. దానిని పోషించు భారము చాలకాలముగ దాదాపు ఒక్క మనుష్యునిపై నుండెను. ఆయన అలసి యున్న సమయమున మారుపేరుతో ఒకడు సాయము చేయుదునని చేరి, రెండు సంవత్సరములకు పైగా మంచిగ పనిచేసి నమ్మకము సంపాదించి, చివరకు 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగదారి నొకదానిని పెట్టెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రములోనికి ప్రవేశించుటకు మామూలుకంటె సుమారు అర సెకండు ఎక్కువ పట్టుట గమనించి, కారణము వెదకి, దానిని బయటపెట్టెను. ముఖ్యమైన పంపకముల స్థిర విడుదలలకు చేరకముందే ఆపివేయగలిగిరి.

ఈ సంఘటనలో రెండు పాఠములు గలవు. కోడు బహిరంగముగ నుండుట చేతనే ఆ సాధనమును పోషించు పనితో సంబంధము లేని ఒక మనుష్యుడు దొంగదారిని వెదకి పట్టుకొనగలిగెను. ఇది మొదటిది. బహిరంగముగ నున్నంత మాత్రమున ఎవరో ఒకరు చూచుచుందురను భరోసా లేదు. ఇది రెండవది. కావలి లేని పొలమునకు కంచె యున్నను పశువులు పడును. అందువలననే పై పట్టికలోని మూడవ, నాల్గవ ప్రశ్నలు ముఖ్యమైనవి.

తెలుగు మాట

మన భాషకు ఈ విషయమున ప్రత్యేకమైన అక్కర గలదు. పూర్వము తెలుగు టైపు చేయుటకు వాడిన అనేక ఫాంట్లలో, ఇంగ్లీషు అక్షరముల సంకేతముల స్థానమున తెలుగు బొమ్మలను కూర్చి యుండిరి. ఆ ఫాంటు లేని యంత్రములో ఆ పత్రమును తెరచిన అర్థము లేని గుర్తులు కనబడును. ఒక కార్యాలయమున టైపు చేసిన పట్టిక మరొక కార్యాలయమున చదువరాకపోవుట చాలమంది గుమాస్తాలకు అనుభవమే. యూనికోడు అను అంతర్జాతీయ ప్రమాణములో 1991నుండి తెలుగు అక్షరములకు స్వంత స్థానము గలదు. యూనికోడులో వ్రాసినది ఏ యంత్రములోనైనను తెలుగుగనే కనబడును. పాత ఫాంట్లలో నున్నదానిని యూనికోడులోనికి మార్చుటకు వెన్న నాగార్జునగారు పద్మ అను సాధనమును తయారుచేసి యిచ్చిరి. తెలుగు వికీపీడియాకు 2003లో నాంది పలికినవారు కూడ వీరే.

తెలుగు వికీపీడియా నడచు మీడియావికీ కూడ ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరే. అందు వ్రాయువారు జీతము లేని కార్యకర్తలు. యేటేట కలిసి గడచిన యేటి పనిని లెక్కచూచుకొనుట వారి అలవాటు. 2015 ఫిబ్రవరిలో వారి పదకొండవ వార్షికోత్సవము మన తిరుపతిలోనే జరిగెను. 2025 నాటికి అందలి వ్యాసములు లక్ష దాటినవి. గ్రామములను గూర్చిన వ్యాసములు అందు వేలకొలది గలవు. ప్రతి గ్రామాధికారియు తన గ్రామపు పుటను ఒకసారి తెరచి, తప్పులున్న ఆధారముతో దిద్దుట మంచిది. అంతకన్న సులభముగ ఈ పనిలో పాల్గొను మార్గము లేదు.

అక్షరముల రూపములలోను ఈ దారియే మేలు చేసినది. సిలికానాంధ్ర సంస్థ పూనికతో బహిరంగ లైసెన్సు క్రింద వెలువడిన తెలుగు ఫాంట్లకు మన కవుల, పెద్దల పేర్లు పెట్టిరి. అందులో ధూర్జటి యొకటి. శ్రీకాళహస్తి కవి పేరు గల ఆ అక్షరములను ఎవరైనను పైకము లేకుండ వాడుకొనవచ్చును.

కోడు దాచిన సాఫ్ట్‌వేరులో తెలుగునకు చిక్కు వచ్చిన ఏమగునో 2018 ఫిబ్రవరిలో తెలిసినది. "జ్ఞా" అను సంయుక్తాక్షరము నొక విధముగ కూర్చి పంపినచో ఆపిల్ ఫోనులలో సందేశములు చూపు సాధనములు ఆగిపోవుచుండెను. ఆ కంపెనీ కొలది దినములలోనే దిద్దుబాటు విడుదల చేసినది. కాని అంతవరకు తెలుగు ఎంత తెలిసినవారును, కంప్యూటరు ఎంత తెలిసినవారును చేయి పెట్టుటకు వీలులేకపోయెను. లిబ్రె ఆఫీసులో తెలుగు మాటలు, తెలుగు పదముల తప్పొప్పులు చూచు పట్టిక గలవు. వాటిలో లోపము కనబడిన తెలుగువారే దిద్ది పంపవచ్చును.

గ్రామములో ఆచరణ

కొత్త వంగడమును పొలమంతటను ఒకేసారి వేయక ముందు కొద్ది సెంట్లలో వేసి చూతుము. ఇచటను అట్లే చేయవలెను.

మొదట ఒక్క యంత్రములో మాత్రము ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును స్థాపించి, మూడు నెలలు సాధారణమైన ఉత్తరములు, హాజరు పట్టికలు దానిలో వ్రాసి చూడవలెను. ప్రభుత్వము ప్రత్యేకముగ నిచ్చిన సాఫ్ట్‌వేరులో చేయవలసిన పనిని దానిలోనే చేయవలెను. అందు స్వంత మార్పులు కూడవు.

పత్రములను ఓడీఎఫ్ అను బహిరంగ రూపములో నిలువచేయవలెను. 2006నుండి అది అంతర్జాతీయ ప్రమాణము. 2010లో కేంద్ర ప్రభుత్వము ఎలక్ట్రానిక్ పరిపాలనకు బహిరంగ ప్రమాణముల విధానమును ప్రకటించినది. 2015లో ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును ప్రభుత్వ వ్యవస్థలలో అవలంబించు విధానమును ప్రకటించినది. తెలుగును యూనికోడులోనే టైపు చేయవలెను. పాత ఫాంట్లలో నున్న ముఖ్య పత్రములను తీరిక దొరకినపుడు మార్చి యుంచవలెను.

పద్దుల ప్రతి నొకదానిని వేరొక చోట భద్రపరచవలెను. విత్తనపు గింజలను అన్నిటిని ఒకే గాదెలో పోయు రైతు లేడు. నెలకొకసారి ఆ ప్రతిని నిజముగ తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతి, మొలక పరీక్ష చేయని విత్తనము వంటిది.

సాఫ్ట్‌వేరును దాని స్వంత తావునుండి గాని, లైనక్సు పంపకముల భాండాగారమునుండి గాని మాత్రమే తెచ్చుకొనవలెను. దిద్దుబాటు విడుదలలను ఆలసింపక వేసికొనవలెను. ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన ప్రతిని వాడుట, ముద్రలేని సంచిలోని విత్తనము కొనుటతో సమానము.

తప్పు కనబడినచో ఊరకుండరాదు. ఏమి చేయుచుండగ, ఏ విడుదలలో, ఏమి జరిగెనో నాలుగు వాక్యములలో వ్రాసి తెలుపవలెను. పైరుకు తెగులు సోకినపుడు ఆకు కోసి వ్యవసాయ కళాశాలకు తెచ్చి చూపు రైతు తన పొలమునకే గాక పొరుగు పొలములకు కూడ మేలు చేయును. తప్పు తెలుపుటయు నట్టిదే. కంప్యూటరు విద్య చదివిన గ్రామ యువకులుండిన, వారిని తెలుగు మాటలు దిద్దు పనికి, సులభమైన పనుల జాబితాకు మళ్లించవలెను. వారికి అది అభ్యాసమగును, నలుగురికి ఉపయోగమగును.

ముగింపు

యేడాది పంటను కళ్లములో కొలిచి చూచినట్లే, ఉమ్మడి పనిని కూడ యేటేట కొలిచి చూడవలెను. ఎన్ని పుట్లు పండినవి యనునది ఒక లెక్క. మరుసటి యేటికి విత్తనము మిగిలినదా, గట్టు నిలిచినదా, కాలువ తీయుటకు మనుష్యులు గలరా యనునది రెండవ లెక్క. లిబ్రె ఆఫీసు కార్యకర్తలు 2010, 2011 సంవత్సరములలో ఈ రెండవ లెక్కను సరిచూచుకొనిరి గనుకనే వారి పని నేటికిని నిలిచినది. మన గ్రామపు పద్దులు మన మనుమల కాలమున కూడ తెరచి చదువదగి యుండవలెను. వాటిని వ్రాయు సాధనమును ఎన్నుకొనునపుడు గ్రామాధికారులు, సంఘముల కార్యదర్శులు, చదువు వచ్చిన రైతులు పై ఏడు ప్రశ్నలను తప్పక అడిగి, తృప్తికరమైన బదులు వచ్చిన పిమ్మటనే అంగీకరింతురు గాక.